కచేరీ ఒక్క రోజు, లెక్కలు పదేళ్లు

(విశాఖపట్నంలో యువ గాయకులు, వాద్య కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, ముఖ్యంగా వాద్యాలు భుజాన వేసుకుని నేరుగా రిహార్సల్ నుంచి వచ్చిన పిల్లలకు.

ఈ సాయంత్రం జార్జ్ హారిసన్ గురించి మాట్లాడతాను. 1960ల్లో ప్రపంచాన్ని ఊపేసిన ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్‌లో గిటారు వాయించిన మనిషి. ఆయన పాటల గొప్పదనం గురించి చెప్పగలిగినవారు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆపదలో ఉన్నవారి కోసం పేరున్న కళాకారులంతా ఒక వేదిక ఎక్కి, వచ్చిన డబ్బు మొత్తం వారికి పంపడం ఇప్పుడు ప్రపంచమంతా చేస్తోంది. అంత పెద్ద స్థాయిలో మొదట చేసి చూపించింది హారిసన్, ఆయన పక్కన మన పండిట్ రవిశంకర్. దానికి కారణమైన విషాదం ఒక తుపానుతో మొదలైంది. ఆ తుపాను పుట్టింది మన బంగాళాఖాతంలోనే.

1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్, తీరంలో భోలా తుపాను విరుచుకుపడింది. ఉప్పెన ధాటికి లంక గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు కనీసం 3 లక్షల మంది అని అంచనా. సహాయం అందించడంలో పాకిస్తాన్ ప్రభుత్వం చూపిన నిర్లక్ష్యం అక్కడి ప్రజలను రగిలించింది. ఆ డిసెంబరులో జరిగిన ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ పార్టీ అవామీ లీగ్ గెలిచినా అధికారం అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని జనం సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. ఆ సంవత్సరం ముగిసేసరికి వారి సంఖ్య దాదాపు కోటికి చేరింది. శిబిరాల్లో కలరా వ్యాపించింది. ముందుగా పోయింది పసిపిల్లలే.

హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు మనది. 2014 అక్టోబరు 12న ఆ గాలి మన కైలాసగిరి మీద చెట్టు అన్నది లేకుండా చేసి వెళ్లిన తర్వాత కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్టు కోసం వరుసలు. మనకు కొన్నాళ్లకు దీపాలు వెలిగాయి. భోలా బాధితులకు తుపాను తగ్గిన నాలుగు నెలలకే యుద్ధం వచ్చింది.

రవిశంకర్ కాశీలో పుట్టినా ఆయన పూర్వికులది తూర్పు బెంగాల్. ఆయన గురువు అల్లాఉద్దీన్ ఖాన్ సాహెబ్ సొంత ఊరూ అక్కడే. శిబిరాల నుంచి వార్తలు వస్తుంటే రవిశంకర్‌కు నిద్ర పట్టలేదు. ఒక కచేరీ చేసి పాతికవేల డాలర్లు సంపాదించి పంపాలనుకున్నారు. అప్పుడు హారిసన్ లాస్ ఏంజెలిస్‌లో ఉన్నారు. రవిశంకర్ ఆయనకు పరిస్థితి చెప్పి, పత్రికల్లో వచ్చిన కథనాలు చదవమని ఇచ్చారు. ఏదైనా చేయగలవా అని అడిగారు.

అడిగింది ఎవరిని అన్నది ముఖ్యం. హారిసన్ 1943లో లివర్‌పూల్‌లో పుట్టారు. అదీ మన ఊరిలాగే రేవు పట్నం. తండ్రి మొదట ఓడల మీద పనిచేసి, తర్వాత బస్సు నడిపారు. ఆ ఇంట్లో స్నానాల గది కూడా లేదు, మరుగుదొడ్డి పెరట్లో. ఇరవై ఏళ్లు దాటేసరికి ఆ కుర్రవాడు ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా జనం గుమిగూడే స్థితికి వచ్చాడు. 1965 ఆగస్టులో న్యూయార్క్‌ షే స్టేడియంలో 55 వేల మందికి పైగా జనం ముందు బీటిల్స్ వాయించారు. ఆ కేకల్లో వాళ్లకు వాళ్ల వాద్యాలే వినిపించలేదు. సంగీతకారుడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? మీరే చెప్పండి. మానిటర్ స్పీకరు ఒక్కటి పనిచేయకపోతేనే మనం ఎంత కంగారు పడతామో! మరుసటి ఏడాది ఆగస్టుతో ఆ బృందం ఊరూరా తిరగడం మానేసింది. వెంటనే సెప్టెంబరులో హారిసన్ బొంబాయికి వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఎవరూ గుర్తుపట్టకుండా మీసం పెంచుకుని వచ్చారు. అయినా గుర్తుపట్టారు. హోటల్ ముందు జనం పోగయితే గురుశిష్యులు కశ్మీరుకు వెళ్లి సాధన చేసుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఆయన మీద నాకున్న గౌరవానికి ఒక కారణం చెబుతాను. రెండు మూడేళ్ల సాధన తర్వాత, తాను మంచి సితార్ విద్వాంసుడిని కాలేనని ఆయన గ్రహించారు. దానికి జీవితమంతా కావాలి. మళ్లీ గిటారు పట్టుకున్నారు. కానీ గురువును వదల్లేదు. సితార్ పట్టుకుని ఫోటోలు దిగి వెళ్లిపోయినవాళ్లు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. ఈయన 1966లో మొదలైన బంధాన్ని 2001లో చనిపోయేదాకా నిలుపుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా రవిశంకర్ స్వరపరచిన వేదమంత్రాల ఆల్బమ్‌కు ఆయనే నిర్మాత. దాని రికార్డింగు కొంత చెన్నైలో జరిగింది.

అందుకే 1971లో గురువు అడగగానే ఆయన ఫోను పట్టుకున్నారు. పాతికవేల డాలర్ల కోసం చిన్న హాలులో కచేరీ చేయడం కాదు, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే చేద్దామన్నారు. చేతిలో ఉన్నది అయిదారు వారాలు. ఇంటర్నెట్టు లేదు, మెసేజీలు లేవు. ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి, బతిమాలి, ఒప్పించి తెచ్చారు. డ్రమ్స్‌కు బీటిల్స్ సహచరుడు రింగో స్టార్, పియానోకు లియోన్ రస్సెల్, ఆర్గన్‌కు బిల్లీ ప్రెస్టన్. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అప్పటికి హెరాయిన్ వ్యసనంలో కూరుకుపోయి, వస్తాడో రాడో తెలియని స్థితి. చివరి క్షణంలో వచ్చాడు, వాయించాడు. బీటిల్స్‌లో మిగిలిన ఇద్దరూ, జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, రాలేదు. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ కొన్నేళ్లుగా కచేరీలకు చాలావరకు దూరంగా ఉన్నాడు. ముందు రోజు హాలు చూసి తన వల్ల కాదన్నాడు. నేను మాత్రం ఇలా ఒంటరిగా ఎప్పుడు నిలబడ్డాను అన్నట్టుగా హారిసన్ జవాబు చెప్పారు. మరునాడు పాటల వరుస రాసుకున్న కాగితం మీద డిలన్ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకునే వేదిక ఎక్కారు. పక్కకు తిరిగి చూసేసరికి డిలన్ గిటారుతో సిద్ధంగా ఉన్నాడు.

హారిసన్ అన్న ఆ మాట వినయం కోసం అన్నది కాదు. బీటిల్స్‌లో ఆయనకు ముందు నిలబడే అలవాటు లేదు. మాట్లాడేది ఒకరు, నవ్వించేది మరొకరు, ఈయన గిటారు చూసుకునేవారు. అంత బిడియస్తుడు తన పేరు ముందు పెట్టి, తన పరువు పందెం కాసి, అంతమందిని నడిపించారు.

1971 ఆగస్టు 1, ఆదివారం. మధ్యాహ్నం ఒక ఆట, రాత్రి ఒక ఆట. రెండింటికీ కలిపి దాదాపు 40 వేల మంది వచ్చారు. అందరూ వచ్చింది రాక్ సంగీతం కోసం. అయినా మొదట కూర్చున్నది రవిశంకర్, సరోద్ మీద అలీ అక్బర్ ఖాన్, తబలా మీద అల్లారఖా, తంబురా మీద కమలా చక్రవర్తి. దయచేసి పొగ తాగవద్దు, కాస్త శ్రద్ధగా వినండి అని రవిశంకర్ అడిగారు. వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటే అదే పాట అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయన చిరునవ్వుతో, శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నాను అన్నారు. ఈ సంఘటన అందరూ హాస్యంగా చెబుతారు. నాకు మాత్రం అందులో హారిసన్ నిర్ణయం కనిపిస్తుంది. టిక్కెట్లు అమ్ముడయ్యేది తన పేరు మీద. అయినా కష్టం ఎవరిదో వారి సంగీతం ముందు వినిపించాలని ఆయన పట్టుబట్టారు. ఆ తర్వాత విరామంలో శరణార్థుల మీద డచ్ టెలివిజన్ తీసిన దృశ్యాలు తెర మీద చూపించారు. అవి చూసిన తర్వాతే గిటార్లు మోగాయి.

ఇంకొక మాట. అప్పటికి బంగ్లాదేశ్ ఏర్పడలేదు. అమెరికా ప్రభుత్వం పాకిస్తాన్ పక్షాన ఉంది. ఆ దేశపు నడిబొడ్డున, ఆ హాలు బయట, టిక్కెట్ల మీద, రికార్డు అట్ట మీద ‘బంగ్లాదేశ్’ అని రాశారు. తాము రాజకీయం చేయడం లేదని హారిసన్, రవిశంకర్ చెబుతూనే ఉన్నారు. కానీ ఒక్క రోజులో ఆ పేరు ప్రపంచానికి తెలిసిపోయింది. మంత్రులు, రాయబారులు నెలల తరబడి చేయలేని పని అది. ఆ యుద్ధం డిసెంబరులో భారత్, పాకిస్తాన్‌ల యుద్ధంగా మారి మన తీరం దాకా వచ్చింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ సముద్రంలోనే. బీచ్ రోడ్డులో ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర సాయంత్రాలు కూర్చునే పిల్లలందరూ, ఆ స్మారకమూ ఈ కచేరీ ఒకే చరిత్రలోవి అని గుర్తుంచుకోవాలని నా కోరిక.

టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం 2,43,418 డాలర్ల 50 సెంట్లు. అప్పటి మారకం లెక్కన 18 లక్షల రూపాయలకు పైన. కొద్ది రోజుల్లోనే అది ఐక్యరాజ్యసమితి బాలల నిధికి, అంటే యూనిసెఫ్‌కు అందింది. చిల్లరతో సహా చెప్పాను, ఎందుకంటే ఆ చిల్లర కూడా చరిత్రలో నమోదై ఉంది. నిన్న కాక మొన్న జరిగిన కార్యక్రమాల వసూళ్లు మనకు తెలియవు. యాభై ఏళ్లు దాటిన ఈ కచేరీ వసూలు సెంట్లతో సహా తెలుసు.

ఇంతవరకూ ఉన్నది అందరికీ ఇష్టమైన కథ. ఇక్కడి నుంచి నాకు ఇష్టమైన కథ.

కచేరీని రికార్డు చేశారు. మూడు రికార్డుల పెట్టె, తర్వాత సినిమా. అసలు డబ్బు రావలసింది అక్కడే. మొదట రికార్డు కంపెనీలు మొండికేశాయి. పంపిణీ ఖర్చు మాకు రావాలని ఒకరు, మా కళాకారుడి పాట కాబట్టి మా వాటా మాకు కావాలని ఒకరు. అట్ట మీద ఆకలితో ఉన్న పసిబిడ్డ ఫోటో ఉంది. అది మార్చమన్నారు. హారిసన్ ఒప్పుకోలేదు. నవంబరులో ఒక టెలివిజన్ కార్యక్రమంలో కూర్చుని కంపెనీ చేస్తున్న జాప్యాన్ని అందరి ముందూ నిలదీశారు. ఎంత నెమ్మదైన మనిషి, ఎంత కోపం వచ్చి ఉండాలి! చివరికి డిసెంబరులో అమెరికాలో ఆల్బమ్ విడుదలైంది. 1973లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు అందుకుంది.

అమ్మకాలు బాగున్నాయి. అప్పుడు పన్నుల శాఖ వచ్చింది. కచేరీకి ముందే ఒక ధార్మిక సంస్థను నిర్వాహకుల్లో చేర్చి కాగితాలు రాసుకోవలసింది. నలభై రోజుల హడావిడిలో ఎవరికీ తట్టలేదు. యూనిసెఫ్‌తో ఏర్పాట్లు సకాలంలో జరగలేదు కాబట్టి ఇది ధార్మిక కార్యక్రమం కాదు, ఆదాయానికి పన్ను కట్టాలి అని అమెరికా అధికారులు పట్టుబట్టారు. లక్షల డాలర్లు ఖాతాలో ఇరుక్కుపోయాయి. శరణార్థులు ఆకలితో ఉన్న కాలం దాటిపోయింది, యుద్ధం ముగిసింది, కొత్త దేశం పుట్టింది, అక్కడ కరువు వచ్చింది, డబ్బు మాత్రం న్యూయార్క్‌లో ఆగి ఉంది. ఈ చిక్కు తేలేసరికి దాదాపు పదేళ్లు పట్టింది.

సొంత దేశం బ్రిటన్‌లోనూ అంతే. అమ్మిన ప్రతి ఆల్బమ్ మీదా కొనుగోలు పన్ను. హారిసన్ ఆర్థికశాఖ బాధ్యుడిని స్వయంగా కలిసి మినహాయింపు అడిగారు. ఇవ్వలేదు. 1973లో ఆయన తన సొంత సొమ్ములోంచి 10 లక్షల పౌండ్లకు చెక్కు రాసి పన్నుల శాఖకు ఇచ్చారు. ఆలోచించండి. పిల్లల పాల కోసం పాడిన పాటకు పన్ను కూడా పాడినవాడే కట్టాడు.

మరొకరైతే అక్కడితో దండం పెట్టి తప్పుకునేవారు. కచేరీ చేశాను, పేరు వచ్చింది, మిగిలినది ఆడిటర్లు చూసుకుంటారు అనుకునేవారు. ఈయన పదేళ్లు వెంటపడ్డారు. 1985 నాటికి దాదాపు 1.2 కోట్ల డాలర్లు బంగ్లాదేశ్‌కు చేరాయి. అదే ఏడాది ఇథియోపియా కరువు కోసం గాయకుడు బాబ్ గెల్డాఫ్ లైవ్ ఎయిడ్ అనే కచేరీ తలపెట్టినప్పుడు హారిసన్ సలహా తీసుకున్నారు. 1971లో పడిన చిక్కులు 1985లో పడకుండా ఉండడానికి ఆ అనుభవం పనికొచ్చింది.

మన దగ్గర కళాకారులు ప్రజల కోసం వీధికి రావడం కొత్త కాదు. 1952లో రాయలసీమ కరువు కోసం ఎన్టీఆర్ విరాళాలు వసూలు చేశారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని మింగినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ జోలె పట్టి నడిచారు. మేడల మీంచి కాగితం నోట్లు, పక్కనే కూలివాడి చేతిలోంచి చిల్లర నాణేలు ఆ జోలెలో పడ్డాయని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. హుద్‌హుద్ తర్వాత సినీ పరిశ్రమ ‘మేము సైతం’ అంటూ ముందుకొచ్చింది. ఇవి మన గర్వకారణాలు.

కానీ హుద్‌హుద్ తర్వాత మన నగరంలోనే చిన్నా పెద్దా సంగీత విభావరులు కూడా జరిగాయి. వాటిలో ఒకదానికి నేనూ టిక్కెట్టు కొన్నాను. హాలు నిండింది, పిల్లలు ప్రాణం పెట్టి పాడారు. పెద జాలరిపేటలో వలలు, పడవలు పోగొట్టుకున్నవారికి ఇస్తామన్నారు. ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చారు అన్నది తర్వాత ఎవరూ చెప్పలేదు. ఆ నిర్వాహకుల పేరు నాకు అనవసరం. నా బాధ వాళ్ల మీద కూడా కాదు. మరో నాలుగేళ్లకు తిత్లీ తుపాను వచ్చి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోతే, కొందరు పిల్లలు చందాల కోసం నా పరిచయస్తుల దగ్గరికి వెళ్లారు. వాళ్లకు వినిపించిన మొదటి ప్రశ్న, పోయినసారి డబ్బు ఏమైంది అని. ఆ పిల్లలు చేయని తప్పుకు తలవంచుకున్నారు. దానం అడిగే నోరు పోవడం అంటే అది.

కాబట్టి మీరు పాడబోయేటప్పుడు పోస్టరు కంటే ముందు బ్యాంకు ఖాతా తెరవండి. డబ్బు ఏ సంస్థకు వెళ్లాలో ఆ సంస్థతో కాగితం మీద ముందే రాసుకోండి. దాతకు ఆదాయపు పన్ను రాయితీ వచ్చే రసీదు ఆ సంస్థ ఇవ్వగలదో లేదో కనుక్కోండి. హాలు అద్దె, సౌండు ఖర్చు వసూళ్లలోంచి తీస్తారా, వేరే ఎవరైనా భరిస్తారా అన్నది టిక్కెట్టు మీదే అచ్చు వేయండి. కార్యక్రమం అయిన పదిహేను రోజుల్లో జమాఖర్చులు ఒక కాగితం మీద రాసి, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోనులో పంపండి. మీ గానం ఎంత బాగున్నా సరే, ఆ కాగితం పంపినవారినే నేను మళ్లీ పిలుస్తాను.

హారిసన్ తర్వాతి జీవితం క్లుప్తంగా చెబుతాను. 1973లో ఆయన మెటీరియల్ వరల్డ్ చారిటబుల్ ఫౌండేషన్ స్థాపించి కొన్ని పాటల హక్కులు దానికి రాసిచ్చారు. ఇక్కడ ఆగాలి. కచేరీ ఒక రోజు జరుగుతుంది, పాట హక్కు ఏటా పంట ఇస్తుంది. పన్నుల దెబ్బ తిన్న మనిషి నేర్చుకున్న పాఠం అది అని నా నమ్మకం. 1974లో రవిశంకర్ బృందాన్ని వెంటబెట్టుకుని ఉత్తర అమెరికా అంతా తిరిగారు. ఆ బృందంలో మృదంగ విద్వాంసుడు టి.వి. గోపాలకృష్ణన్, వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం ఉన్నారు. అప్పటికి హారిసన్ గొంతు బాగా దెబ్బతింది, పత్రికలు చీల్చి చెండాడాయి, భారతీయ సంగీతం తగ్గించమని చాలామంది చెప్పారు. తగ్గించలేదు. ఆ పర్యటనలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఉచిత వైద్యశాలకు కచేరీ రాబడి ఇచ్చారు. 1990లో రుమేనియా అనాథాశ్రమాల్లో పిల్లల దుస్థితి చూసి ఆయన భార్య ఒలీవియా నిధి సేకరణ మొదలుపెడితే, దాని కోసం మిత్రులతో కలిసి పాట రికార్డు చేశారు. ఈసారి ముందు నడిచింది ఆమె, ఆయన వెనక నిలబడ్డారు.

2001 నవంబరు 29న క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి వయసు 58. సరిగ్గా ఏడాదికి లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో మిత్రులంతా కచేరీ చేశారు. రవిశంకర్ ఆ సభ కోసం ప్రత్యేకంగా రచన చేశారు, ఆయన కుమార్తె అనూష్క నిర్వహించింది. ఆ రాబడి హారిసన్ ఫౌండేషన్‌కే చేరింది. 2005లో పాత కచేరీ సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు యూనిసెఫ్‌తో కలిసి ఆయన పేరున ఒక నిధి ఏర్పాటైంది. ఈసారి కాగితాలు ముందే రాసుకున్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. విభావరి తలపెట్టినవారు ఎవరైనా ఉంటే వారి ప్రశ్నలు ముందు తీసుకుంటాను. ఖాతా తెరవడం గురించి, సంస్థలతో రాసుకునే ఒప్పందం గురించి వివరంగా మాట్లాడుకుందాం.